వారానికి మూడు కోపాలు

ఆ శుక్రవారం లెక్కల టీచరు ఒకే ఒక్క పని మనసులో పెట్టుకుని నిద్ర లేచింది. సాయంత్రం బడి గంట కొట్టేదాకా ఎవరి మీదా కోప్పడకూడదు.

వినడానికి ఇది చిన్న పనే. ఆమెని ఎరిగినవాళ్ళకి మాత్రం కాదు. పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఆమె కోపం బడి గంట కన్నా క్రమం తప్పకుండా మోగింది. ఆమె ఏడో తరగతి గదిలో గొంతు పెంచితే రెండు గదుల అవతల సైన్సు మాస్టారు తన పిల్లల్ని సర్దుకుని కూర్చోమనేవాడు. పిల్లలు ఆమెకి పెట్టుకున్న పేరు ఉరుము. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలియనట్టు నటించడం కూడా జీతంలో భాగమేనని సరిపెట్టుకుంది.

"కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టు," అన్నాడు భర్త, తడి తువ్వాలు మంచం మీద పడేస్తూ.

"నేను లెక్కల టీచర్నండీ. పది నాకు ఏ మూలకీ చాలవు. ముందు ఆ తువ్వాలు తీసి ఆరెయ్యండి."

"ఇది కోపం కాదా?"

"ఇల్లు లెక్కలోకి రాదు. బడి గేటు దాటాకే లెక్క."

"అంటే అక్కడ ఆపుకున్నదంతా ఇక్కడికే వస్తుందన్నమాట," అని గొణుక్కుంటూ ఆయన తువ్వాలు తీశాడు.

ఈ లెక్కంతా మొదలై నాలుగు వారాలైంది. ఏడో తరగతిలో ఆమె ఒక కొత్త పద్ధతి పెట్టింది. క్లాసులో ప్రతి ఒక్కరూ ఒక కార్డు తీసుకోవాలి. తనకి ఏది రాదో రాయాలి, ఎప్పటికి నేర్చుకుంటారో రాయాలి, నేర్చుకున్నట్టు ఎలా తెలుస్తుందో కూడా రాయాలి. ప్రతి శుక్రవారం ఎవరి కార్డు వాళ్ళే చూసుకుని, ఎంతవరకు వచ్చారో ఆ మేరకు గళ్ళలో రంగు వేసుకోవాలి. మార్కులు లేవు, ర్యాంకులు లేవు. పైన హాజరు పట్టీలోని పేరు కూడా అక్కర్లేదు, స్నేహితులు పిలిచే పేరు చాలు. కార్డు పిల్లలది అనిపించాలని ఆమె పట్టుదల. అలా గోడ మీదికి పొడుగు, రేడియో, తాతయ్య, గోళీ వంటివాళ్ళు ఎక్కారు.

'నాకు భిన్నాల కూడిక రాదు. కింది అంకెలు కూడా కూడేస్తాను. నెలాఖరుకి పది లెక్కలు వరసగా తప్పు లేకుండా చేస్తాను' అని రాశాడు రేడియో. మూడో వారం ఒక లెక్క మధ్యలో ఆగి, "అరె, మళ్ళీ కింద కూడేశాను," అని తన తప్పు తనే పట్టుకుని పకపకా నవ్వాడు. పదిహేడేళ్ళు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టినా ఆమెకి అలాంటి నవ్వు ఒక్కటి దొరకలేదు.

ఖాళీగా ఉన్నది ఒక్క కార్డే. ఆఖరి బెంచీలో ఒక పిల్ల ఉంది. నోరు విప్పితే పక్కనున్న అమ్మాయికే వినపడదు కాబట్టి అందరూ గుసగుస అంటారు. అర్థం కాకపోయినా అడగదు, ఎవరైనా పెన్సిలు లాక్కున్నా ఊరుకుంటుంది. మొదటి రోజు ఆ పిల్ల కార్డు మీద పేరు తప్ప ఏమీ రాయలేదు.

"ఏం రాయాలో తెలియట్లేదా?" అని అడిగింది టీచరు.

"తెలుసు టీచర్."

"మరి?"

"రాసినా అవదు కదా." ఆ పిల్ల తల దించుకునే చెప్పింది. "మా అక్క ఆరేళ్ళ కిందట మీ దగ్గరే చదివింది. అప్పుడు కూడా మీరు ప్రతి సోమవారం, ఇక నుంచి కోప్పడనని చెప్పేవారట."

ఒళ్ళు మండినా, అందులో అబద్ధమేమీ లేదు గనక టీచరు తిరిగి కసరలేదు. ఒక కార్డు తీసుకుని, పైన 'ఉరుము' అని తన చేత్తోనే రాసింది. కింద రాసింది: 'నాకు కోపం ఆపుకోవడం రాదు. నాలుగో వారానికి, వారంలో మూడుసార్లకి తగ్గిస్తాను.'

"ఇది నేను చేసి చూపిస్తే నువ్వు రాస్తావా?"

గుసగుస సరేనని తల ఊపింది.

లక్ష్యం ఏదైనా కొలవడానికి వీలుగా ఉండాలని ఆమే నేర్పింది కాబట్టి, కోపాన్ని ఎలా కొలవాలో పిల్లలు కూర్చుని తేల్చారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెడితే ఒక గీత. చేతిలో చాక్‌పీసు విరిగితే ఒక గీత. ఎవరినైనా 'నాయనా' అని మెత్తగా పిలిస్తే ఒక గీత. ఆ పిలుపు తరువాత ఏం జరుగుతుందో బడిలో తెలియనివాళ్ళు లేరు. గీతలు గీసే పని క్లాసు లీడరుది. ప్రతి గీత పక్కనా కారణం కూడా రాసేవాడు, 'డస్టరు కిటికీ లోంచి బయటికి వెళ్ళింది' లాంటివి. మొదటి వారం పద్నాలుగు గీతలు. రెండో వారం తొమ్మిది. మూడో వారం ఐదు. నాలుగో వారంలో గురువారం సాయంత్రానికే మూడూ అయిపోయాయి. అందుకే ఆ శుక్రవారం ఆమె పళ్ళ బిగువున బడిలో అడుగుపెట్టింది.

అడుగు పెట్టేసరికి వరండాలో పెద్దసారు ఎదురయ్యారు. మధ్యాహ్నం తనిఖీకి అధికారి వస్తున్నారు. పిల్లలు తమ లక్ష్యాలు తామే పెట్టుకుంటున్నారో లేదో చూడాలని పైనుంచి కాగితం వచ్చిందట. బడి మొత్తంలో ఆ పని జరుగుతున్న గది ఒక్కటే. ఈ బడికి వచ్చిన మూడేళ్ళలో ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. కళ్ళద్దాలు సర్దుకుని గోడ చదవడం మొదలుపెట్టారు. రాదు. రాదు. రాదు.

"ఏమిటమ్మా ఇది? ముప్ఫై నాలుగు మంది, మాకేమీ రాదని గోడకెక్కి మరీ చెబుతున్నారు."

"ఏది రాదో తెలిస్తేనే కదండీ నేర్చుకునేది."

"నేర్చుకోమనండి, వద్దన్నదెవరు? అధికారి కంట్లో పడేలా ఎందుకు? కాగితంలో లక్ష్యాలు అని ఉందమ్మా. లోపాలు అని లేదు."

ఆమె చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళింది. ముప్ఫై నాలుగు జతల కళ్ళూ ఆ చేతి వెంటే వెళ్ళాయి. లీడరు పెన్సిలు అందుకున్నాడు. ఆమె కనుబొమ్మ గోక్కుని చెయ్యి దించేసింది.

"మీ ఇష్టం సార్," అంది, నవ్వుతూ.

జరిగిన అనర్థానికంతటికీ మూలం ఆ నవ్వే. మామూలు రోజైతే ఆమె ఒక్క చూపు చూసేది, పెద్దసారు మరేదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయేవారు. ఈ మూడేళ్ళుగా బడిలో కొన్ని పనులైనా సవ్యంగా జరిగాయంటే ఆ చూపు వల్లే. ఇవాళ ఆ కంచె తీసేసి ఉంది. ఆయన గదంతా కలియతిరిగి, ఎవరూ అడ్డు చెప్పకపోవడం చూసి, ఎన్నడూ లేని హుషారుతో బయటికి నడిచారు.

ఆమె ఆరో తరగతికి వెళ్ళి రెండు పీరియడ్లు చెప్పి తిరిగొచ్చేసరికి గోడ మీద పాత కార్డు ఒక్కటి లేదు. అటెండరు అన్నీ ఊడబెరికి ఆఫీసుకి పట్టుకుపోయాడు. వాటి చోట గుమాస్తా అచ్చు వేయించిన కొత్త కార్డులున్నాయి. ముప్ఫై నాలుగింటి మీదా ఒకే వాక్యం: 'నేను నూటికి నూరు మార్కులు సాధిస్తాను.' గళ్ళన్నీ ముందే పచ్చగా నిండి ఉన్నాయి. పైన పేర్లు చూస్తే ఒక్కటీ ఈ క్లాసుది కాదు.

"ఇవి పోయినేడాది పిల్లల పేర్లు కదండీ," అంది ఆమె. గొంతు ఎంత మెత్తగా వచ్చిందంటే ఆమెకే భయమేసింది.

గుమాస్తా తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చాడు, రెండు సాకులు కూడా తెచ్చుకున్నాడు. ఒకటే వాడాడు. "కంప్యూటర్లో ఉన్న జాబితా అదేనండి. కొత్తది ఎక్కించలేదు."

చేతిలో చాక్‌పీసు ఉంది. విరగ్గొట్టకుండా ఉండటానికి ఆమె దాన్ని లీడరు చేతికిచ్చేసింది. సీసాలో నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగేసింది. కడుపు నిండింది కానీ మంట చల్లారలేదు. నెల రోజులు పిల్లలు తమలోకి తాము తొంగిచూసుకుని రాసుకున్న మాటలు ఏ బల్ల కింద పడున్నాయో అని తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆఖరి బెంచీలోంచి గుసగుస ఆమెనే చూస్తోంది.

"బాగున్నాయి," అంది టీచరు.

ఆ మాటకి గుమాస్తా కూడా రెచ్చిపోయాడు. "అయితే నూటికి నూరు శాతం లక్ష్యాలు నెరవేరాయని పైకి పంపించేస్తానండి."

"మీ ఇష్టం నా..." అని, మిగతా అక్షరాలు మింగేసి, "నాదేముందండి," అని ముగించింది. లీడరు పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.

ఆఫీసులో జరిగింది ఆమెకి తరువాత తెలిసింది. పెద్దసారు పాత కార్డుల కట్ట తిరగేస్తుంటే ఒకటి ఆయన కంట్లో పడింది. ఉరుము. మొదటి వారం పద్నాలుగు గీతలు. విరిగిన చాక్‌పీసులు, కిటికీ లోంచి వెళ్ళిన డస్టరు, 'పొడుగుని మోకాళ్ళ మీద నిలబెట్టబోయి ఆగింది.' ఆయనకి చెమట పట్టింది.

"ఎవరయ్యా ఈ ఉరుము? ఇంత ప్రమాదకరమైన మనిషి మన బడిలో ఉంటే నాకు చెప్పరా?"

అటెండరుకి తెలుసు. బడిలో అందరికీ తెలుసు. కానీ పేరు పలికితే రేపు తనకేం మూడుతుందో కూడా తెలుసు. "నా నోటితో చెప్పలేనండి," అన్నాడు.

"చెప్పద్దులే. వాళ్ళింట్లోవాళ్ళకి ఫోను చేసి వెంటనే రమ్మను."

అటెండరు ఆజ్ఞ అక్షరాలా పాటించాడు. టీచర్ల రిజిస్టరు తీసి, అందులో ఆమె భర్త నంబరు చూసి ఫోను చేశాడు.

మధ్యాహ్నం అధికారి వచ్చారు. ఊళ్ళు తిరిగి తిరిగి కాళ్ళు వాచిన పెద్దావిడ. ఏడో తరగతిలోకి వస్తూనే కుర్చీ అడిగి కూర్చుని, గోడని పైనుంచి కిందకి చూశారు.

"అందరి లక్ష్యమూ ఒకటేనా?"

"అవునండి. మా పిల్లల్లో ఐకమత్యం ఎక్కువ," అన్నారు పెద్దసారు.

ఆవిడ ముందు బెంచీలో ఉన్న తాతయ్య అనే కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, "నీదేది నాన్నా?" అని అడిగారు.

"నాది లేదండి. ఇవి ఎనిమిదో తరగతి వాళ్ళవి. వాళ్ళు కూడా ఇందాక వచ్చి చూసుకుని, ఇవి మేం రాయలేదని చెప్పి వెళ్ళారు."

గుమాస్తా కిటికీ బయటికి చూడసాగాడు. పెద్దసారు గట్టిగా నవ్వి మాట మార్చారు. "చదువొక్కటే కాదండి, ప్రవర్తన మీద కూడా మాకు పట్టింపు ఎక్కువ. ఈ గదిలోనే ఒక దుడుకు మనిషి ఉన్నట్టు ఇవాళ నేనే కనిపెట్టాను. ఇంట్లోవాళ్ళని కూడా పిలిపించాను."

ఆ మాటకే లెక్కల టీచరు భర్త గుమ్మంలోకి వచ్చి పడ్డాడు. చేతిలో హెల్మెట్టు, ఒళ్ళంతా చెమట. ఆయన ఆ బడి గేటు దాటి లోపలికి రావడం అదే మొదటిసారి.

"మీరేనా ఉరుము తాలూకు?" అన్నారు పెద్దసారు.

ఆయన గదంతా చూసి, భార్య కళ్ళు చూసి, ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. "అవునండి. పంతొమ్మిదేళ్ళుగా."

"ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇల్లు లెక్కలోకి రాదండి."

"అదేం మాట? కొడుతుందా?"

"ఛ, అదేం లేదండి. తువ్వాలు సరిగ్గా ఆరేస్తే ఒక్క మాట కూడా అనదు."

"మీరు అతి గారాబం చేసి చెడగొట్టారు. ఇంతకీ వయసెంత?"

"వచ్చే నెలకి నలభై మూడండి."

అధికారి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు డెస్కుల కింద తలలు పెట్టి కిసుక్కుమన్నారు. అటెండరు అప్పటికే వరండా చివరికి చేరుకున్నాడు. అసలు సంగతి బుర్రకెక్కేసరికి పెద్దసారు మొహం కందగడ్డలా అయింది. ఆ అవమానం ఎవరి నెత్తిన రుద్దాలో తెలియక ఆఫీసు నుంచి వెంట తెచ్చుకున్న పాత కార్డుల కట్ట టపటపా తిరగేశారు. ఒక కార్డు దగ్గర ఆగారు.

"చూడండి మేడమ్, ఇదీ ఈ క్లాసు వరస. ఇక్కడొక కార్డు మీద పేరు తప్ప గీత కూడా లేదు. ఎవరిదిది? లే."

గుసగుస లేచి నిలబడింది. తల గుండెల మీదికి వాలిపోయింది.

"నెల రోజుల నుంచీ ఖాళీ. లక్ష్యమే లేని పిల్ల ఇది. ఇలాంటివాళ్ళు ఉంటారనే నేను అచ్చు వేయించింది." ఆయన ఆ కార్డుని ఉండలా నలిపి చెత్తబుట్టలో పడేశారు.

లెక్కల టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. లీడరు దగ్గరున్న చాక్‌పీసు లాక్కుని రెండు ముక్కలు చేసింది.

"పెద్దసారూ, నాయనా," అంది.

రెండు గదుల అవతల సైన్సు మాస్టారు తన పిల్లల్ని సర్దుకుని కూర్చోమన్నాడు.

"పొద్దున్నుంచీ చూస్తున్నాను. గోడ పీకేశారు, ఊరుకున్నాను. పిల్లలు చెయ్యని పనికి నూటికి నూరు వేసుకున్నారు, ఊరుకున్నాను. మా ఆయన్ని పనిలోంచి లాక్కొచ్చారు, దానికీ ఊరుకున్నాను. ఆ కార్డు ముట్టుకునే హక్కు మీకెవరిచ్చారు? అది ఖాళీది కాదు. ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తోంది. ఆలోచించడానికి ఎంతసేపు పడితే అంతసేపు అది అక్కడ ఖాళీగానే ఉంటుంది. మీరు అచ్చు వేయించారే, అవీ ఖాళీవి. ముప్ఫై నాలుగూ ఖాళీవే. ఒక్కదాని మీద ఒక్క పిల్ల మాట ఉంటే చూపించండి. నాకు రాదు అని చెప్పడానికి ఎంత గుండె కావాలో మీకు తెలుసా? తెలియదు. మీరెప్పుడూ చెప్పలేదు. ముందు ఆ బుట్టలోంచి దాన్ని తీసి ఆ పిల్ల చేతికివ్వండి, నాయనా."

పెద్దసారు వంగి బుట్టలోంచి కార్డు తీశారు. ఆయన చేతులతోనే సాపు చేసి ఆఖరి బెంచీ దాకా వెళ్ళి ఇచ్చారు.

లీడరు లేచాడు. "టీచర్, పెద్దసారు మీద కోపం కూడా లెక్కేనా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. లెక్క కాదంటే ఈ క్లాసులో ఒక్కరూ కాదనరు. ఆఖరి బెంచీ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"గేటు దాటాక ఎవరి మీదైనా లెక్కే. వెయ్యి."

"ఒకటా?"

"కళ్ళజోడు, చాక్‌పీసు. నాయనా రెండుసార్లు. నాలుగు వెయ్యి."

మూడు ఉండాల్సిన చోట ఏడు. ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నావల్ల కాలేదమ్మా," అంది గుసగుసతో, అందరి ముందూ. "రాసుకున్నది నేను చెయ్యలేకపోయాను. నువ్విక రాయక్కర్లేదు."

ఆ పిల్ల నలిగిన కార్డుని డెస్కు మీద పరుచుకుని, పక్కపిల్ల దగ్గర పెన్ను తీసుకుని, వంగి రాయడం మొదలుపెట్టింది. అధికారి వాచిన కాళ్ళతోనే లేచి ఆఖరి బెంచీ దాకా నడిచారు. రాయడం పూర్తయ్యాక ఆ పిల్లని అడిగి, కార్డు తీసుకుని పైకి చదివారు.

'నాకు కోప్పడటం రాదు. ఈ నెలలో ఒక్కసారైనా అందరికీ వినపడేలా కోప్పడతాను.'

టీచరు ఆఖరి బెంచీ దగ్గరికి వచ్చింది. "నేను ఓడిపోయాను కదే. మరెందుకు రాశావు?"

"పద్నాలుగు నుంచి ఏడుకి వచ్చారు కదా టీచర్," అంది గుసగుస. గొంతు మూడు బెంచీల దాకా వినపడింది. "సగం. అంటే మారుతుంది."

అధికారి తిరిగి కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏదో రాసుకున్నారు. అచ్చు కార్డులు దింపేసి పాతవి తన కళ్ళ ముందే పెట్టమన్నారు. గుమాస్తా, పెద్దసారు, ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్న టీచరు భర్త, ముగ్గురూ కలిసి సాయంత్రం దాకా గోడకి కార్డులు అంటించారు. వెళ్ళేముందు ఆవిడ రెండు ఖాళీ కార్డులు అడిగి తీసుకుని, ఒకటి పెద్దసారు చేతిలో పెట్టి, రెండోది తన సంచిలో వేసుకున్నారు.

గుసగుసకి రెండు వారాలు పట్టింది. ఒక మంగళవారం భాగహారం చెబుతుండగా ఆ పిల్ల ఉన్నట్టుండి లేచి, పుస్తకం డెస్కు మీద ధనామని కొట్టింది.

"టీచర్, మీరెప్పుడూ ఇంతే. గబగబా చెప్పేసి, అర్థమైందా అని అడిగి, మేం చెప్పేలోపు చెరిపేస్తారు. ఏడాది నుంచీ నాకు అర్థం కావట్లేదు. నాకు అర్థమయ్యేదాకా అది చెరపడానికి వీల్లేదు."

పక్క గదిలో పాఠం ఆగిపోయింది. లీడరు పరుగున వెళ్ళి ఆ పిల్ల కార్డులో గడి నిండా ఆకుపచ్చ రంగు వేశాడు.

లెక్కల టీచరు ఆ రోజు అదే భాగహారాన్ని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.